లిస్టులో లేని గులకరాళ్ళు

ఏటా కొత్త తొమ్మిదో తరగతి పిల్లలు సైన్సు ల్యాబులోకి అడుగుపెట్టిన మొదటి రోజున గంట సారు తన కథ చెబుతాడు. ఆ కథ మొదలుకాగానే ల్యాబు అటెండరు లేచివెళ్ళి సింకు దగ్గర కుళాయి తిప్పేస్తుంది. కడగాల్సిన గాజు గొట్టాలు ఉన్నా సరే, లేకపోయినా సరే. నీళ్ళు రేకు సింకులో పడి దబదబా మోగుతుంటే సారు గొంతు పెంచుతాడు. ఆవిడ ఇంకో చుట్టు తిప్పుతుంది. పదమూడేళ్ళుగా నడుస్తున్న ఈ యుద్ధం సంగతి సారుకి తెలియనే తెలియదు. పాపం పనిమంతురాలు, నిమిషం ఖాళీగా ఉండదు అనుకుంటాడు.

ఆవిడని బడిలో అందరూ ల్యాబమ్మ అంటారు. హెడ్మాస్టరు దగ్గర్నుంచి గేటు తీసే మనిషి దాకా ఎవరికీ అసలు పేరుతో పని పడలేదు. నలభై ఆరేళ్ళు, పొట్టి మనిషి, ముక్కు మీద కోపం. ఆ కోపం పైకి కనిపించదు. లోపల మాత్రం సన్నమంట మీద పెట్టిన గిన్నెలా ఎప్పుడూ కాగుతూనే ఉంటుంది.

ఇక సారు కథ. ఆయన పదో తరగతిలో ఉండగా, ఇదే బడిలో, ఇదే ల్యాబులో, తొట్టి నిండగానే గంట మోగే యంత్రం ఒకటి తయారుచేశాడట. బళ్ళ పోటీలో మొదటి బహుమతి కొట్టాడట. దాని చార్టుని అప్పటి హెడ్మాస్టరు ఫ్రేము కట్టించి గోడకి తగిలించాడు. ఇప్పటికీ అక్కడే ఉంది, బీరువా పైన. సారు బెత్తం ఎత్తి, ముందు పెద్దక్షరాల్లో ఉన్న శీర్షికనీ, తర్వాత కింద 'రూపకర్త' అన్నచోట తన పేరునీ చూపిస్తాడు. పుస్తకం మూసి చేతులు కదిపితేనే సైన్సు వస్తుందర్రా అంటాడు. ఆ గంట పుణ్యమే ఆయన మారుపేరు. పిల్లలు చాటుగా పెట్టుకున్నారు గానీ, ఆయనకి తెలిసినా కోపం రాదు. పైగా మురిసిపోతాడు.

ఆ యంత్రం చేసింది ల్యాబమ్మ.

దాచిపెట్టి చివర్లో చెప్పాల్సిన రహస్యం కాదిది. చెప్పకుండా దాచినవాళ్ళ వల్లే వచ్చింది ఇంత గొడవా. వాళ్ళ నాన్న రేడియోలు బాగుచేసేవాడు. ముందు గదిలో కొట్టు, వెనక గదిలో కాపురం. ఆ పిల్ల నడక నేర్చిందే వైర్ల మధ్య. వాళ్ళుండే ఇంటి మీద నీళ్ళ తొట్టి రోజూ పొద్దున్నే పొంగి మెట్ల మీదుగా వీధిలోకి పారేది. ఇంటావిడ వాళ్ళమ్మని నానా మాటలూ అనేది. ఆ మాటలు వినలేక చేసింది యంత్రం. మూత బిగించిన సీసా ఒకటి నీళ్ళలో తేలుతుంది. మూత మీద వెండిరంగు రేకు కాగితం అంటించి ఉంటుంది. నీళ్ళు పెరిగేకొద్దీ సీసా లేస్తుంది. రేకు వెళ్ళి పైనున్న రెండు వైర్ల కొసలకి ఆనుతుంది, గంట మోగుతుంది. ఇంతే.

అయితే ఈ 'ఇంతే' దగ్గరే ఆ పిల్ల ఎనిమిది రోజులు తిండి సరిగ్గా తినలేదు. ఖాళీ సీసా నీళ్ళలో నిలబడదు. వేసిన వెంటనే తాగినవాడిలా పక్కకి ఒరిగి పడుకుంటుంది. మూత పైకి చూడాల్సింది పక్కకి చూస్తుంది. ఇంక రేకు ఏం తగులుతుంది, గంట ఏం మోగుతుంది? తొమ్మిదో రోజున చెల్లెలు ఆడుకుంటున్న బొమ్మ మీద ఆవిడ చూపు పడింది. ఎటు తోసినా లేచి నిలబడే బొమ్మ అది. చెల్లెలు గుక్కపట్టి ఏడుస్తున్నా వినకుండా దాన్ని పగలగొట్టి చూసింది. అడుగున మట్టిముద్ద. అంతే, సీసాలో గులకరాళ్ళు వేసి, కదలకుండా పైన కొవ్వొత్తి మైనం కరిగించి పోసింది. సీసా నీళ్ళలో నిటారుగా నిలబడింది. మైనం మరకలు కనపడకుండా చుట్టూ నీలం కాగితం చుట్టింది.

బడిలో గ్రూపుకి నలుగురు. ముగ్గురు మగపిల్లలు, తను. ఆనాటి సైన్సు మాస్టారు యంత్రం చూసి భలే అన్నారు. అని, నీ రాత ముత్యాల్లా ఉంటుంది, చార్టు నువ్వు రాయమ్మా, నలుగురిలో నిలబడి చెప్పడం అబ్బాయి చూసుకుంటాడు అన్నారు. ఆ అబ్బాయే ఇప్పటి గంట సారు. చెప్పినవాడికి పాతిక మార్కులు, 'సహకరించిన' పిల్లకి పది. ఆ పదిహేను మార్కుల తేడాకి, పై చదువులో సైన్సు సీటు ఆరు మార్కుల్లో పోయింది. వాళ్ళ నాన్న పోన్లేమ్మా అన్నాడు. ఆ 'పోన్లే' ఆవిడ చెవిలో ఇప్పటికీ ఉంది. టైపు నేర్చుకుంది, రెండు మూడు చోట్ల చేసింది. చివరికి తను చదివిన బడిలోనే అటెండరు ఉద్యోగం వస్తే చేరింది. చేరిన రోజున గోడ మీద చార్టు చూసుకుంది. తన రాత. కింద ఆ అబ్బాయి పేరు. ఆ పేరు కూడా మాస్టారు చెబితే తన చేత్తో తనే రాసింది, అదీ పెద్దక్షరాల్లో.

ఎనిమిదేళ్ళ తర్వాత అతను అదే బడికి సైన్సు సారుగా బదిలీ మీద వచ్చాడు. ఆవిడ మొహంలోకి చూసి, స్పిరిటు దీపాలు ఎన్నున్నాయమ్మా అని అడిగాడు. గుర్తుపట్టలేదు! ఆవిడ కూడా చెప్పలేదు. తనంతట తనే గుర్తుపట్టాలి, అప్పటిదాకా నోరు విప్పకూడదు అని ఒట్టు పెట్టుకుంది. ఈ మొండితనం సబబా కాదా అంటే, మరి ఆవిడ అలాంటి మనిషి. అతను గుర్తుపట్టలేదు. పట్టకపోగా, మొదటి ఏడాదే ఆ కథ మొదలుపెట్టాడు.

ఇక్కడ ఇంకో ముచ్చట ఉంది. తొమ్మిదో తరగతికి మొదటి ప్రాజెక్టు ఎప్పుడూ ఈ గంట యంత్రమే. సారు సామాన్ల లిస్టు రాసిస్తాడు: వైరు, బ్యాటరీలు, గంట, మూత ఉన్న ఖాళీ సీసా. 'ఖాళీ' అని రాస్తాడు చూశారా. ఆయన అప్పుడు అందుకున్నది నీలం కాగితం చుట్టిన సీసా. లోపలేముందో ఏనాడూ విప్పి చూడలేదు. పదమూడేళ్ళుగా ల్యాబమ్మ ప్రతి సీసాలోనూ ముందే గులకరాళ్ళు వేసి, మైనం పోసి, నీలం కాగితం చుట్టి ఇస్తూ వచ్చింది. అతని మీద ప్రేమతో కాదు. తన చేతుల్లో పుట్టిన యంత్రం పదిమందిలో నవ్వులపాలు కావడం చూడలేక. గులకరాళ్ళ జాడీ ఒకటి పేరు రాసి మరీ అరలో పెట్టుకుంది. గోడ మీద చార్టు అద్దాన్ని ప్రతి శనివారం తుడుస్తుంది. అందులో సీసా బొమ్మ, అడుగున రాళ్ళు, పక్కన చిన్నక్షరాల్లో వివరం అన్నీ ఉన్నాయి. చదవాలనుకున్నవాడికి కనిపించేలా తుడుస్తుంది. చదివినవాడు లేడు.

గ్రూపుల్లో పనులు పంచుకునే కాగితం ఒకటుంది. నాయకత్వం, పరికరాలు, రికార్డు, అలంకరణ అని నాలుగు గడులు. ఎవరి పేరు ఎక్కడ రాసుకోవాలో పిల్లలిష్టం, ఎవరూ బలవంతం చెయ్యరు. అదే తమాషా. బలవంతం లేకుండానే మొదటి రెండు గడుల్లో మగపిల్లలు, చివరి రెండింటిలో ఆడపిల్లలు వచ్చి కూర్చుంటారు. ఆడపిల్లలు గోడ మీది చార్టు చూసి రికార్డులో బొమ్మలు గీస్తారు, అంచులకి రంగులేస్తారు. మగపిల్లలు వైర్లు బిగిస్తారు. ఈ పదమూడేళ్ళలో స్క్రూడ్రైవరు పట్టుకున్న ఆడపిల్లలు ఏడుగురు. ల్యాబమ్మకి ఆ ఏడుగురి మొహాలూ గుర్తే.

ఈ ఏడాది పైనుంచి సైన్సు అవగాహన పరీక్ష అని ఒకటి పెట్టారు. బట్టీ ప్రశ్నలు కావు. ఒక ఏర్పాటు బొమ్మ ఇచ్చి, ఇది ఎందుకు పనిచెయ్యడం లేదో చెప్పు అంటారు. రికార్డు మార్కుల్లో ఆడపిల్లలే పైన. ఈ పరీక్షలో మాత్రం మగపిల్లల కన్నా సగటున పదకొండు మార్కులు కింద. దాని మీద గంట సారు ఒక నివేదిక రాశాడు. జిరాక్సు తీయించుకురమ్మని ఇస్తే ల్యాబమ్మ దారిలో నిలబడి చదివింది. ఆడపిల్లలకి సహజంగానే పరికరాలంటే బెరుకు, రాతలో మాత్రం నేర్పరులు. కాబట్టి వచ్చే ఏడాది నుంచి మగపిల్లలకి చేత ప్రాజెక్టులు, ఆడపిల్లలకి రాత ప్రాజెక్టులు విడివిడిగా పెట్టాలి. ఇదీ సారాంశం. గురువారం పరిశీలకుడు వస్తాడు. ఆయన మెచ్చుకుంటే ఈ పద్ధతి చుట్టుపక్కల బళ్ళన్నిటికీ వెళ్తుంది, సారు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రానికి అధిపతిగా వెళ్తాడు. జిరాక్సు కొట్టు ముందు నిలబడి ఆవిడ పళ్ళు పటపటా కొరికింది.

అయినా ఆ పూటకి మింగేసింది. మింగలేనిది సాయంత్రం ఇంట్లో ఎదురైంది.

చెల్లెలి కూతురు అదే బడిలో తొమ్మిదో తరగతి. చెల్లెలు బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని ముగించుకుని వచ్చేదాకా పిల్ల పెద్దమ్మ దగ్గరే ఉంటుంది. చిన్నప్పుడు ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని ప్రాణం తోడేసేది. అందుకని ఇంట్లో దాన్ని ఎందుకమ్మ అనేవాళ్ళు. ఈమధ్య అడగడం మానేసింది. ఆ రోజు బల్ల మీద రికార్డు పరుచుకుని సీసా బొమ్మ గీస్తూ ఉన్నట్టుండి తలెత్తింది.

"పెద్దమ్మా, చార్టులో సీసా అడుగున రాళ్ళున్నాయి. మా సీసాలో కూడా ఉంటాయా?"

ల్యాబమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి. మీ గ్రూపులో అడక్కపోయావా అంది. అడిగానని, నువ్వు గీయి చాలు, అవన్నీ నీకెందుకు అని గ్రూపు నాయకుడు అన్నాడని చెప్పింది పిల్ల. చెప్పి, మళ్ళీ తల వంచుకుని రంగు పెన్సిలు చెక్కుకుంది. దాని పుస్తకంలోంచి ఒక కాగితం బయటికి తొంగిచూస్తోంది. పదో తరగతి తర్వాత ఏ గ్రూపు చదవాలో ఇప్పుడే రాసిచ్చే ఫారం. సైన్సు ఎదురుగా గీత కొట్టేసి ఉంది.

"ఇదేంటే?"

"నాకు సైన్సు రాదు పెద్దమ్మా. నాది రాత బుర్రేగానీ చేత బుర్ర కాదని సారు అన్నారు. శుక్రవారం ఇచ్చెయ్యాలి అది."

చాలా మామూలుగా అంది, జడ ఊడిపోయిందని చెప్పినంత మామూలుగా. ల్యాబమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. తనని ముంచాడు, సరే. ఇప్పుడు దీన్ని కూడానా? అప్పుడు తన నోరు మూయించడానికి ఒక మాస్టారు కావాల్సొచ్చింది. దీని నోరు అదే మూసుకుంటోంది. రాళ్ళ సంగతి చెబుదామని నోటిదాకా వచ్చి ఆగింది. ఇప్పుడు చెబితే పిల్ల వెళ్ళి బడిలో చెబుతుంది, సారు జాగ్రత్తపడతాడు. గురువారం రానీ, ఈ సారు సంగతి చెబుతా అనుకుంది. పిల్ల ప్రశ్నకి మాత్రం, నువ్వే ఆలోచించు అని ఊరుకుంది.

బుధవారం మధ్యాహ్నం సారు లిస్టు పంపించాడు. పరిశీలకుడి ముందు పాతవి బాగోవు, కొత్త సీసాలు ఏడు కావాలి, ఆరు గ్రూపులకి, ఒకటి తనకి. స్వయంగా చేసి చూపిస్తాడట. 'శుభ్రమైన ఖాళీ సీసాలు' అని రాసి, ఖాళీ కింద గీత కూడా గీశాడు. ల్యాబమ్మ సీసాలు తెచ్చి, కడిగి, ఆరబెట్టి, నీలం కాగితం ముడత లేకుండా చుట్టింది. జాడీ జోలికి పోలేదు. లిస్టు మీద సంతకం పెట్టించుకోవడం ల్యాబు నియమం. అన్నీ సరిగ్గా ఉన్నాయా సార్, ఒకసారి చూసుకోండి అంది. సారు ఒక సీసా ఎత్తి, భేష్, ఎంత తేలిగ్గా ఉందో అని సంతకం పెట్టాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడ ఆ రోజు చేసింది ఏమీ లేదు. చెయ్యకుండా ఉంది, అంతే.

గురువారం పరిశీలకుడు వచ్చాడు. సన్నగా, జలుబుతో ముక్కు తుడుచుకుంటూ, చేతిలో ఒక ఫారంతో. నవ్వడు, తల ఊపడు, ఫారంలో గడులు నింపుకుంటూ పోతాడు. ముందు బల్ల మీద పెద్ద గాజు తొట్టి, పైన అడ్డంగా బిగించిన వైర్లు, బ్యాటరీలు, గంట. తొట్టికి రెండు పక్కలా ఆడపిల్లల రికార్డులు ఆరు, రంగు అంచులు కనిపించేలా తెరిచి పెట్టారు. హెడ్మాస్టరు ఓ మూల నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. ల్యాబమ్మ సింకు దగ్గర తుడిచే గుడ్డ భుజాన వేసుకుని నిలబడింది.

సారు కథంతా చెప్పాడు. ఈసారి కుళాయి మోగలేదు. ఆ సీసాలో ఏముందని పరిశీలకుడు అడిగాడు.

"ఏమీ లేదండి, గాలి. గాలి వల్లే తేలుతుంది. అందులోనే ఉంది సూత్రమంతా" అన్నాడు సారు.

పరిశీలకుడు అది రాసుకున్నాడు. గొట్టంలోంచి నీళ్ళు తొట్టిలోకి వదిలారు. సీసా కాస్త లేచింది, ఊగింది, పక్కకి ఒరిగి హాయిగా పడుకుంది. సారు వేలితో నిలబెట్టాడు. వేలు తియ్యగానే మళ్ళీ పడుకుంది. బ్యాటరీలు చూడరా అన్నాడు, వైరు బిగించరా అన్నాడు. మగపిల్లలు బ్యాటరీలు మార్చారు, వైరు బిగించారు. వాళ్ళకి తెలిసింది అంతే. ఇన్నేళ్ళూ సీసా వాళ్ళ చేతికి సిద్ధంగా వచ్చింది, అది కూడా ఒక పరికరమని ఎవరికీ తోచలేదు. నీళ్ళు అంచుదాకా వచ్చేశాయి. సారు సీసాని చేత్తో నిటారుగా పట్టుకుని పైకి నొక్కాడు. గంట మోగింది.

"చెయ్యి ఎలాగూ అక్కడ ఉంది కదండీ, ఆ చేత్తోనే కుళాయి కట్టేస్తే పోదూ" అన్నాడు పరిశీలకుడు, నవ్వకుండానే.

వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. అంతలో నీళ్ళు పొంగి బల్ల మీదుగా పారాయి. రంగు అంచులున్న ఆరు రికార్డులూ తడిసి ముద్దయ్యాయి. సిరా కారి నేల మీద నీలం మడుగు కట్టింది. సారు మొహం మాడిపోయింది. ల్యాబమ్మకి కడుపు చల్లబడింది. దేవుడి దయ వల్ల బతికి ఈ రోజు చూశాను అనుకుంది. సారు ఆవిడ వైపు తిరిగి, ఏమిచ్చావమ్మా నువ్వు అన్నాడు.

"లిస్టులో ఉన్నవన్నీ ఇచ్చాను సార్. సంతకం మీదే."

సరిగ్గా అప్పుడు బెంచీల్లోంచి ఎందుకమ్మ లేచింది. తడిసిన తన రికార్డు చేతిలోకి తీసుకుని, అందులో తను గీసిన బొమ్మ చూసింది. తొట్టిలో పడుకున్న సీసాని చూసింది. తలెత్తి గోడ మీది చార్టు చూసింది. నేరుగా సింకు దగ్గరికి వచ్చి నిలబడింది.

"పెద్దమ్మా, గులకరాళ్ళు ఇవ్వు."

ల్యాబమ్మ నిలువునా ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళ పగ రుచి ఇప్పుడే నోటికి తగిలింది. రాళ్ళిస్తే గంట మోగుతుంది. గంట మోగితే, చూశారా మా పిల్లల ప్రతిభ, మా పద్ధతి ఫలితం అని ఇతను మళ్ళీ తలెగరేస్తాడు. లిస్టులో లేవమ్మా అంటే సరిపోతుంది, నియమం ప్రకారం తప్పు కూడా కాదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పిల్ల చెయ్యి చాచే ఉంది. ఆ చెయ్యి ఇన్నాళ్ళూ రంగు పెన్సిలు తప్ప ఏదీ అడగలేదు. ఇప్పుడు కాదంటే ఇక అడగదు. రేపు శుక్రవారం.

జాడీ దించి ఇచ్చింది.

పిల్ల మూత తీసి సీసాలో గుప్పెడు రాళ్ళు పోసింది. అవి దొర్లకుండా పైన దూది కుక్కి, మూత బిగించింది. తొట్టిలో సగం నీళ్ళు తోడించి సీసా వదిలింది. రాళ్ళు ఎక్కువై బుడుంగుమని మునిగింది. మగపిల్లలు నవ్వారు. పిల్ల చెవులు ఎర్రబడ్డాయి గానీ వెనక్కి తగ్గలేదు. సీసా తీసి సగం రాళ్ళు గుమ్మరించింది, మళ్ళీ వదిలింది. ఈసారి సీసా ఒకసారి ఊగి, నిటారుగా నిలబడింది. నీళ్ళు వదిలారు. ఎవరూ ముట్టుకోకుండా, అంచుకి రెండు వేళ్ళ కిందుండగా గంట గణగణా మోగింది.

ల్యాబమ్మ అనుకున్నట్టే అయింది. చూశారా అండీ, మా ప్రాజెక్టు పద్ధతి అంటే ఇదే అంటూ సారు ముందుకొచ్చాడు. పరిశీలకుడు చెయ్యెత్తి ఆపి, పిల్లని అడిగాడు, రాళ్ళు ఎందుకని.

"బరువు అడుగునుంటే ఒరగదండి. చార్టులో రాసే ఉంది" అని, గోడ వైపు చూస్తూ చిన్నక్షరాలు చదివింది. "ఖాళీ సీసా పక్కకి ఒరుగును. గులకరాళ్ళు వేసి మైనముతో బిగించిన నిటారుగా నిలుచును."

పదమూడేళ్ళుగా సారు బెత్తంతో చూపించిన చార్టు. పరిశీలకుడు ఈ గ్రూపులో నీ పనేమిటమ్మా అన్నాడు. రాయడం అంది. అది రాసుకుని, సారు వైపు తిరిగి, మీ యంత్రంలో రాళ్ళున్న సంగతి మీకు తెలియదా, ఈ చార్టు రాసిందెవరు అని అడిగాడు.

"మా గ్రూపులో ఒకమ్మాయి ఉండేదండి. రాత బాగుండేది. పేరు..." అని సారు నీళ్ళు నమిలాడు.

పిల్ల చేతిలో జాడీ ఇంకా ఉంది. దాని మీద 'గులకరాళ్ళు' అన్న కాగితం. ల్యాబమ్మ 'ళ' రాస్తే చివర కిందికి లాగి కొక్కెంలా మడుస్తుంది. పిల్ల జాడీ చూసింది, చార్టులో 'నీళ్ళ తొట్టి గంట' అన్న శీర్షిక చూసింది, మళ్ళీ జాడీ చూసింది.

"పెద్దమ్మా, అది నీ రాతే కదా?"

అందరి తలలూ ఇటు తిరిగాయి. ఆవిడ వెనక అరల నిండా సీసాలు, జాడీలు, పెట్టెలు. ఇరవై ఒక్కేళ్ళ కాగితాలు, అన్నిటి మీదా ఒకటే రాత.

"నాదే. యంత్రమూ నాదే. అక్కడ ఆయన పేరు రాసింది కూడా నేనే" అంది ల్యాబమ్మ. అని భుజం మీది గుడ్డ తీసి నేల తుడవడం మొదలుపెట్టింది.

నివేదిక పది రోజుల్లో తిరిగొచ్చింది. రాతనీ చేతనీ విడదీయరాదు, నాలుగు పనులూ ప్రతి విద్యార్థీ వంతులవారీగా చేయవలెను అని ఒక్క వాక్యం రాసి ఉంది. శిక్షణ కేంద్రానికి ఇంకెవరో వెళ్ళారు. కానీ అదంతా తర్వాతి మాట. ఆ గురువారం సాయంత్రం ఇంటికి వెళ్తూ పిల్ల పెద్దమ్మ కన్నా నాలుగడుగులు ముందే నడిచింది. మలుపు దగ్గర ఆగి, నీకు ముందే తెలుసు కదా అంది. తెలుసంది పెద్దమ్మ. నేను అడిగిన రోజున కూడా తెలుసు కదా అంది. తెలుసు.

"నీ కోపం ఆయన మీద. తడిసింది మా రికార్డులు. నలభై పేజీలు పెద్దమ్మా."

ఆ మాట సూటిగా తగిలింది. అన్నేళ్ళుగా సారు కథ వింటే కలగని నొప్పి కలిగింది. తప్పేనంది ల్యాబమ్మ. కాస్త దూరం నడిచాక, అబద్ధం చెప్పడం ఇష్టం లేక, మళ్ళీ అవకాశమొస్తే మళ్ళీ అదే చేస్తాననీ చెప్పింది. పిల్లకి నవ్వొచ్చింది, కోపమూ పోలేదు. మర్నాడు గ్రూపులో మగపిల్లల ముందు తడి రికార్డు పడేసి, ఈసారి మీరు రాయండి, నాకు స్క్రూడ్రైవరు ఇవ్వండి అందట. వాళ్ళ రాత కోళ్ళు గెలికినట్టుంది. ఫారం మాత్రం పిల్లే కొత్తది తీసుకుని నింపింది. ల్యాబమ్మ చూడలేదు, చూపించమని అడగలేదు. చెల్లెలు ఫోను చేసి, ఏంటక్కా, దీనికి సైన్సు కావాలట, ఇంట్లో బొమ్మలు బీరువాలో దాచాలా అని ఎకసెక్కమాడితే తెలిసింది.

అదే శుక్రవారం మధ్యాహ్నం గంట సారు సింకు దగ్గరికి వచ్చాడు. ల్యాబులో ఎవరూ లేరు. నువ్వని తెలిస్తే వేరేగా ఉండేది, ఇన్నేళ్ళూ ఒక్క మాట చెప్పకపోయావా అన్నాడు. గొంతులో నిజంగానే బాధ ఉంది, నిష్ఠూరమూ ఉంది.

"మొహం చూసి గుర్తుపడతావని ఊరుకున్నా" అంది. పదమూడేళ్ళలో మొదటిసారి నువ్వు అంది. అతను ఉలిక్కిపడ్డాడు.

ఇద్దరం కలిసి చేశామని ఫ్రేములో ఆవిడ పేరు కూడా రాయిస్తానన్నాడు. కలిసి చెయ్యలేదంది. పోనీ తన పేరు తీయించేస్తానన్నాడు. వద్దు, ఉండనియ్యి, అందరూ చూడాలంది. మరేం కావాలని విసుగ్గా అడిగాడు.

"వచ్చే ఏడాది పిల్లలకి ఆ కథ చెప్పు. మా ఇంటి మీద తొట్టి దగ్గర్నుంచి, నేను చెప్పినట్టు మొత్తం చెప్పు. ఆ పై ఏడూ చెప్పు. నువ్వు రిటైరయ్యేదాకా ఏటా చెప్పు. నేను ఇక్కడే నిలబడి వింటా. ఒక్క ముక్క ఎగ్గొట్టినా కుళాయి తిప్పుతా."

సారు ఆవిడనీ కుళాయినీ మార్చి మార్చి చూశాడు.

"అంటే, ఇన్నేళ్ళూ ఆ కుళాయి..."

"నీ కోసమే."

చెప్పనంటే అని అడగబోయి ఆగాడు. గ్రూపులకి సీసాలు ఇచ్చేది ఎవరో ఇప్పుడు ఆయనకి తెలుసు.

సెలవులు అయ్యాయి. కొత్త తొమ్మిదో తరగతి ల్యాబులోకి వచ్చి బెంచీల మీద సర్దుకుంది. గంట సారు బెత్తం తెచ్చుకోలేదు. ల్యాబమ్మ కారుతున్న కుళాయిని గట్టిగా కట్టేసి, చేతులు తుడుచుకుని, సింకుకి ఆనుకుని నిలబడింది. సారు గొంతు సవరించుకున్నాడు. ఈ గదిలో ఒకమ్మాయి చదువుకునేదర్రా అని మొదలుపెట్టాడు. వాళ్ళ నాన్న రేడియోలు బాగుచేసేవాడన్నాడు. తొట్టి పొంగడం చెప్పాడు, ఇంటావిడ మాటలు చెప్పాడు, ఎనిమిది రోజులు సీసా ఒరిగిపోవడం చెప్పాడు. చెప్పి, తొమ్మిదో రోజున ఆ అమ్మాయికి ఉపాయం తట్టింది, గులకరాళ్ళు వేసింది అన్నాడు.

ల్యాబమ్మ కుళాయి మీద చెయ్యి వేసింది.

సారు ఆగాడు. పిల్లలంతా ఆయన వైపే చూస్తున్నారు. ఆయన ఒకసారి సింకు వైపు చూసి, వెనక్కి వెళ్ళి, చెల్లెలి బొమ్మ పగలగొట్టిన దగ్గర్నుంచి మళ్ళీ చెప్పాడు.